ర్యామ్ పెంచాక కంప్యూటర్ ఆన్ అవడం లేటవుతోందా? ముందు ఆ లేటు ఎక్కడుందో పట్టుకోండి

ర్యామ్ పెంచితే కంప్యూటర్ స్పీడ్ అందుకోవాలి, కానీ కొందరికి రివర్స్‌లో జరుగుతుంది. పవర్ బటన్ నొక్కాక స్క్రీన్ చాలాసేపు నల్లగా ఉండిపోతుంది, లేదా విండోస్ లోగో కింద చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. దాంతో టెన్షన్ పడి, కనిపించిన సలహానల్లా పాటించి, ఒకేసారి నాలుగైదు సెట్టింగ్స్ మార్చేస్తారు. తర్వాత ఏది పనిచేసిందో, ఏది ఉన్నదాన్ని చెడగొట్టిందో ఎవరికీ తెలియదు. దయచేసి అలా చేయకండి. ఇక్కడ తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: టైమంతా విండోస్ లోగో రాకముందు పోతోందా, వచ్చాక పోతోందా? లోగో రాకముందే అయితే అది బయోస్‌కీ (విండోస్ కంటే ముందు మదర్‌బోర్డు మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) ర్యామ్‌కీ మధ్య నడిచే వ్యవహారం, విండోస్‌లో ఎన్ని స్టార్టప్ యాప్స్ ఆపినా ఒక్క సెకను తగ్గదు. లోగో వచ్చాక అయితే ర్యామ్‌ను అనుమానించే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

అసలు ఇప్పుడే ర్యామ్ మార్చి మొదటిసారి ఆన్ చేసి, నల్ల స్క్రీన్ చూస్తూ ఇది చదువుతున్నారా? అయితే ముందు పవర్ బటన్ మీద నుంచి చెయ్యి తీయండి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావట్లేదు, మధ్యలో ఒకటి రెండుసార్లు దానంతట అదే ఆఫ్ అయి ఆన్ అయింది కూడా. కొత్త ర్యామ్ పెట్టిన మొదటిసారి ఇది మామూలే, ముఖ్యంగా డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) అయితే. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు.

ట్రైనింగ్‌లో జరిగేది ఇది. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఆ ర్యామ్‌లోకి ముందే తెలిసిన డేటా నమూనాలు రాసి, తిరిగి చదివి, సరిగ్గా వచ్చాయో లేదో చూసుకుంటుంది. రాకపోతే టైమింగ్, వోల్టేజీ కాస్త అటూ ఇటూ జరిపి మళ్లీ రాసి చదువుతుంది. పాత రేడియోలో ముల్లు కొంచెం కొంచెం జరుపుతూ స్టేషన్ గరగర లేకుండా వినపడే చోట ఆపినట్టు, ఒక్కో లైనుకీ సరిపోయే చోటు వెతుక్కుంటుంది. ర్యామ్ స్పీడ్ పెరిగేకొద్దీ ఆ సరైన చోటు ఇరుకైపోతుంది కాబట్టి వెతుకులాట ఎక్కువసేపు పడుతుంది. డీడీఆర్3, డీడీఆర్4 రోజుల్లో కూడా ఈ పని జరిగేది కానీ చాలామంది గమనించేంత సేపు పట్టేది కాదు. డీడీఆర్5 మామూలు స్పీడే 4800 (సెకనుకు ఎన్ని మిలియన్ సార్లు డేటా పంపుతుందో ఆ లెక్క) దగ్గర మొదలవుతుంది, పైగా ఇప్పుడు ఒక్కో స్టిక్కే (ర్యామ్ పట్టీయే) 32 జీబీ, 48 జీబీ ఉంటోంది, నాలుగు స్లాట్లూ నింపితే ఇంకా ఆలస్యం. కొన్ని నిమిషాలు పట్టినా ఆశ్చర్యపోకండి.

మీ మదర్‌బోర్డు మీద ఒక మూల డీర్యామ్ అని రాసి చిన్న లైటు ఉందేమో చూడండి. ట్రైనింగ్ జరుగుతున్నంతసేపూ చాలా బోర్డుల్లో అదే వెలుగుతూ ఉంటుంది. ఆ లైటు చూసి ర్యామ్ పాడైందని చాలామంది పవర్ నొక్కిపట్టి ఆపేస్తారు, ఆపితే ఇప్పటిదాకా చేసిన పని పోయి మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. పదిహేను నిమిషాల దాకా వదిలేయండి. అప్పటికీ ఏమీ రాకపోతే అది లేటు కాదు, ర్యామ్ సరిగ్గా కూర్చోకపోవడమో, సరిపడకపోవడమో. అప్పుడు పవర్ ఆపి, ప్లగ్ తీసి, స్టిక్కులు బయటికి తీసి, రెండువైపులా క్లిప్పు టక్కుమని పడేదాకా మళ్లీ నొక్కాలి. కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్పు ఉంటుంది, రెండోవైపు పూర్తిగా దిగకపోయినా దిగినట్టే కనిపిస్తుంది, అక్కడ కొంచెం జాగ్రత్త.

మొదటిసారి ఆలస్యమై, రెండోసారి నుంచి మామూలుగా ఆన్ అవుతుంటే ఇక మీరు చేయాల్సిందేమీ లేదు. ట్రైనింగ్ ఫలితాన్ని బోర్డు దాచుకుని తర్వాత వాడుకుంటుంది. ప్రతిసారీ ఆలస్యమవుతుంటేనే మిగతాది చదవండి.

టైమ్ ఎక్కడ పోతోందో కొలవడం

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. పవర్ బటన్ నొక్కినప్పుడు మొదలుపెట్టి మూడుచోట్ల టైమ్ చూసుకోండి: విండోస్ లోగో కనపడినప్పుడు, లాగిన్ స్క్రీన్ వచ్చినప్పుడు, డెస్క్‌టాప్ వచ్చి ఏదైనా ఫోల్డర్ క్లిక్ చేస్తే వెంటనే తెరుచుకున్నప్పుడు. ఇదే పని షట్‌డౌన్ చేసి ఒకసారి, రీస్టార్ట్ కొట్టి ఒకసారి చేయండి. రెండూ ఒకటే కాదు, ఎందుకో కింద చెప్తాను.

విండోస్‌లోనే ఇంకో కొలత కూడా ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ యాప్స్ పేజీలోకి వెళ్తే పైన కుడివైపు లాస్ట్ బయోస్ టైమ్ అని సెకన్లలో ఒక అంకె కనిపిస్తుంది. విండోస్‌కి కంట్రోల్ అప్పగించేలోపు బయోస్ తీసుకున్న టైమ్ అది. సిస్టమ్ యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) పద్ధతిలో బూట్ అవుతుంటేనే ఇది కనిపిస్తుంది, పాత లెగసీ పద్ధతైతే ఖాళీగా ఉంటుంది. ఆ అంకెనొక్కదాన్నే పట్టుకోకుండా స్టాప్‌వాచ్ లెక్క కూడా పక్కన పెట్టుకోండి. లినక్స్ వాడేవాళ్లకు సిస్టమ్‌డీ అనలైజ్ అనే కమాండ్ ఫర్మ్‌వేర్, లోడర్, కెర్నెల్, యూజర్‌స్పేస్ దేనికి ఎంత పట్టిందో విడివిడిగా చెప్పేస్తుంది. ఈ విషయంలో లినక్స్ చాలా మేలు.

లోగో రాకముందే ఆలస్యమైతే

ముందుగా అనుమానించాల్సింది ప్రతిసారీ ట్రైనింగ్ జరుగుతోందేమో అని. ఏఎండీ ఏఎం5 బోర్డుల్లో, అంటే రైజెన్ 7000 నుంచి వచ్చిన సిస్టమ్స్‌లో, బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అనే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పోయినసారి దాచుకున్న ట్రైనింగ్ ఫలితాన్నే వాడుకుంటుంది, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి వెతుకుతుంది. ఒక్కో కంపెనీ దీన్ని ఒక్కోచోట పెడుతుంది, ఓవర్‌క్లాకింగ్ మెనూలో డీడీఆర్ సెట్టింగ్స్ కిందో, ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ అనే మెనూ లోపలో దొరుకుతుంది, బయోస్‌లో వెతికే సదుపాయం ఉంటే పేరు కొట్టండి. ఆటోలో ఉంటే ఎనేబుల్‌కి మార్చండి. దాంతోపాటు పవర్ డౌన్ ఎనేబుల్ అనే ఇంకో ఆప్షన్ కూడా ఆన్ చేయాలి. ఒకటి ఆన్‌లో, రెండోది ఆఫ్‌లో ఉంటే కొన్ని సిస్టమ్స్ ఆన్ అయ్యాక స్థిరంగా ఉండవు, బ్లూ స్క్రీన్లు (విండోస్ క్రాష్ అయినప్పుడు కనిపించేవి) వస్తాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ ఆప్షన్ ఆన్ చేశాక ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్లు, యాప్స్ వాటంతట అవే మూసుకుపోవడం మొదలైతే మళ్లీ ఆఫ్ చేసేయండి. బూట్‌లో ఒక నిమిషం మిగులుతుందని మీ ఫైళ్లు పాడయ్యే రిస్క్ తీసుకోవడం తెలివైన పని కాదు. ఇంటెల్ బోర్డుల్లో ఇదే పనిచేసే ఆప్షన్ ఎంఆర్‌సీ ఫాస్ట్ బూట్, మెమరీ ఫాస్ట్ బూట్ లాంటి పేర్లతో ఉంటుంది.

రెండోది ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో ప్రొఫైళ్లు, అంటే డబ్బా మీద రాసిన ఎక్కువ స్పీడ్‌లో ర్యామ్‌ను నడపడానికి బయోస్‌లో ఆన్ చేసే రెడీమేడ్ సెట్టింగ్స్. ర్యామ్ డబ్బా మీద 6000 అని రాసి ఉన్నంత మాత్రాన ఆ స్పీడ్‌కి మీ ప్రాసెసర్, మీ బోర్డు ఒప్పుకుంటాయని కాదు. ఒప్పుకోకపోతే, ఆ ప్రొఫైల్ పెట్టినప్పుడు బోర్డు ప్రయత్నించి, ఫెయిలై, రీస్టార్ట్ అయి, మళ్లీ ప్రయత్నించి, చివరికి ఓడిపోయి మామూలు స్పీడ్‌కి దిగిపోతుంది. బయటినుంచి చూసేవాళ్లకు ఇదంతా ఒక పొడవైన నల్ల స్క్రీన్‌లాగే ఉంటుంది. ఆన్ అయ్యాక టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ పేజీ తెరిచి స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడండి. మీరు 6000 పెట్టారు, అక్కడ 4800 ఉంది అంటే జరిగింది అదే. ప్రొఫైల్ ఆఫ్ చేసి ఒకసారి కొలవండి, ఆలస్యం పోతే ఒక మెట్టు కింది స్పీడ్ పెట్టుకుని చూడండి.

ఉన్న రెండింటికి ఇంకో రెండు స్టిక్కులు కలిపి నాలుగు చేసినవాళ్లు ఈ మాట మరీ శ్రద్ధగా చదవాలి. నాలుగు స్టిక్కులు నడపడం మెమరీ కంట్రోలర్‌కి చాలా బరువు. రైజెన్ 7000కి రెండు స్టిక్కులతో అధికారికంగా చెప్పిన స్పీడ్ 5200 అయితే, నాలుగు పెట్టినప్పుడు చెప్పింది 3600 మాత్రమే. కాబట్టి రెండు ఉన్నప్పుడు హాయిగా నడిచిన ప్రొఫైల్ నాలుగు పెట్టాక మొరాయిస్తే అది ర్యామ్ లోపం కాదు. పైగా వేర్వేరు సమయాల్లో కొన్న స్టిక్కులు, కంపెనీ, మోడల్ నంబర్ ఒకటే అయినా, లోపల వేరే చిప్‌లతో రావచ్చు, అన్నీ వాటిలో నెమ్మదైనదాని వెంటే నడవాల్సి వస్తుంది. కొనకముందే అడిగితే నేను చెప్పేది, 64 జీబీ కావాలంటే ఉన్న 16 జీబీ స్టిక్కులకు ఇంకో రెండు కలపడం కన్నా 32 జీబీ స్టిక్కులు రెండు ఒకే కిట్‌లో (జతగా అమ్మే ప్యాక్‌లో) తీసుకోండి.

రెండే స్టిక్కులుంటే వాటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టినప్పుడు రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టమంటాయి చాలా బోర్డులు. వీటినే ఏ2, బీ2 అంటారు. మీ బోర్డు మాన్యువల్‌లో చిన్న పట్టిక ఉంటుంది, ఒకసారి చూసి పెట్టండి.

ఇక ఎక్కువమంది పట్టించుకోనిది ఇంకోటి ఉంది. ర్యామ్ మారినప్పుడు, లేదా ట్రైనింగ్ ఫెయిలైనప్పుడు కొన్ని బోర్డులు బయోస్ సెట్టింగ్స్ అన్నీ మొదటి స్థితికి తెచ్చేస్తాయి. మీరు ఎప్పుడో మార్చుకున్న బూట్ ఆర్డర్ పోయి, నెట్‌వర్క్ బూట్ పైకి వస్తుంది. నల్ల స్క్రీన్ మీద ఎడమవైపు పైన తెల్లక్షరాలతో స్టార్ట్ పీఎక్స్ఈ ఓవర్ ఐపీవీ4 అనే లైను కనిపించి కాసేపు ఆగి, తర్వాత అదే లైను ఐపీవీ6తో వచ్చి ఇంకాసేపు ఆగి, అప్పుడు విండోస్ మొదలవుతోందా? అయితే కంప్యూటర్ మీ డిస్క్‌ని వదిలేసి నెట్‌వర్క్ కేబుల్ అవతల ఆపరేటింగ్ సిస్టమ్ దొరుకుతుందేమోనని ఎదురుచూస్తోంది. బూట్ ఆర్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, నెట్‌వర్క్ బూట్ ఆపేస్తే అక్కడితో సరి. అక్కడే ఉన్నారు కాబట్టి ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. పాత బోర్డుల్లో క్విక్ బూట్ ఆఫ్ అయిపోతే ఉన్న మెమరీ అంతా ప్రతిసారీ టెస్ట్ చేసి గానీ ముందుకు కదలదు, ర్యామ్ పెరిగితే ఆ టెస్టు కూడా పెరుగుతుంది.

సెట్టింగ్స్ పెట్టిన ప్రతిసారీ పోతున్నాయి, గడియారం కూడా తప్పు చూపిస్తోంది అంటే బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ మార్చండి.

బయోస్ అప్‌డేట్ సంగతి. ట్రైనింగ్ టైమ్ తగ్గించే మార్పులు బయోస్ అప్‌డేట్స్‌లో చాలానే వచ్చాయి, ముఖ్యంగా ఏఎం5కి. కాబట్టి ఇది చేయదగ్గదే. కానీ మీ డ్రైవ్‌కి బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే ముందుగా రికవరీ కీ వేరే చోట రాసి పెట్టుకోండి, అప్‌డేట్ అయ్యేవరకు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి. లేకపోతే ఆ తర్వాత ఆన్ చేసినప్పుడు నీలం స్క్రీన్ మీద నలభై ఎనిమిది అంకెల కీ అడుగుతుంది, అది మీ దగ్గర లేకపోతే మీ డేటా మీకే అందదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ ఎన్‌క్రిప్షన్ కొన్నప్పటి నుంచే ఆన్‌లో ఉంటుంది, మీరు ఆన్ చేయలేదు కదా అని ధీమాగా ఉండకండి.

లోగో వచ్చాక ఆలస్యమైతే

ఇక్కడ మొదటి అనుమానం నాకు ర్యామ్ మీద కాదు, ర్యామ్ పెట్టేటప్పుడు క్యాబినెట్‌లో తిరిగిన చేతి మీద. స్లాట్ల పక్క నుంచే, డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా డేటా కేబుల్ వెళ్తుంది, మోచెయ్యి తగిలి అది సగం జారుతుంది. పూర్తిగా ఊడిపోతే డిస్క్ కనిపించదు కాబట్టి తెలిసిపోతుంది, సగం జారితేనే ఇబ్బంది. నాకు తెలిసినవాళ్ల కంప్యూటర్ ఒకటి ఇలాగే ర్యామ్ పెంచిన రోజు నుంచి లాగిన్ దగ్గర చుక్కలు తిప్పుతూ కూర్చునేది. వాళ్లు ర్యామ్ వెనక్కి ఇచ్చేద్దామనుకున్నారు. తీరా చూస్తే ఎస్ఎస్‌డీ వెనక ఎర్ర కేబుల్ కొద్దిగా వంకరగా, ఒక అంచు పైకి లేచి ఉంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సీ7 అనే నంబరుతో అల్ట్రాడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అని ఒక వరుస ఉంటుంది, వాళ్లదాంట్లో ఆ అంకె రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ పెరుగుతోంది. డిస్క్ పంపిన డేటా దారిలో చెడిపోయి మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తోందని దానర్థం. కేబుల్ తీసి గట్టిగా పెట్టాక అంకె అక్కడే ఆగిపోయింది. ఒకసారి పెరిగిన అంకె మళ్లీ తగ్గదు, కాబట్టి ఎంత ఉందన్నది కాదు, ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్‌లో షట్‌డౌన్ కొడితే కంప్యూటర్ నిజంగా పూర్తిగా ఆగిపోదు, కెర్నెల్ (విండోస్ మూల భాగం) పరిస్థితిని హైబర్నేషన్ ఫైల్‌లో రాసుకుని ఆగుతుంది, మళ్లీ ఆన్ చేస్తే అక్కడినుంచి లేస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం మొదటినుంచి మొదలవుతుంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే ఆలస్యం, రీస్టార్ట్ మాత్రం మామూలుగా ఉంది అని మీ స్టాప్‌వాచ్ చెప్తుంటే తప్పు ఈ ఫైల్ దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. దాని సైజు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, అంటే 16 జీబీ ఉన్నప్పుడు 6 జీబీ పైచిలుకు ఉండే ఫైలు 64 జీబీ పెట్టాక 25 జీబీ దాటుతుంది. సీ డ్రైవ్ ముందే నిండి ఉంటే ఇక ఊపిరాడదు. దాన్ని తీసి కొత్తగా పెట్టించడం తేలిక. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిష్‌లో కలిపి కొట్టి, ఖాళీ వదిలి స్లాష్ హెచ్, మళ్లీ ఖాళీ వదిలి ఆఫ్ అని రాసి ఎంటర్ నొక్కండి. రీస్టార్ట్ చేసి, అదే కమాండ్ చివర ఆఫ్ బదులు ఆన్ పెట్టి నడపండి. డ్రైవ్‌లో చోటు తక్కువై, హైబర్నేట్ అసలు వాడకపోతే ఆఫ్‌లోనే వదిలేసినా నష్టం లేదు, ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకు తేడా పెద్దగా తెలియదు.

మూడోది, ఎప్పుడో ఎవరో చెప్పారని ఎంఎస్‌కాన్ఫిగ్‌లో (బూట్ సెట్టింగ్స్ మార్చే విండోస్ టూల్‌లో) బూట్ ట్యాబ్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి మాగ్జిమమ్ మెమరీ టిక్ పెట్టి ఉంటారు కొందరు. అక్కడ పాత సైజు అలాగే ఉంటే కొత్త ర్యామ్ విండోస్‌కి అందనే అందదు. ఆ టిక్ తీసేయండి. పేజింగ్ ఫైల్‌కి (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైలు) చేత్తో సైజు పెట్టుకుని ఉంటే దాన్ని కూడా ఆటోమేటిక్‌కి మార్చేయండి.

వీటిలో ఏదీ కాకపోతే ఊహలు ఆపి విండోస్‌నే అడగండి. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నోస్టిక్స్ పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ అని ఒక్కొక్కటే తెరుచుకుంటూ వెళ్లండి. ఐడీ 100 ఉన్న ఎంట్రీలో ఆ బూట్‌కి మొత్తం ఎంత పట్టిందో మిల్లీసెకన్లలో ఉంటుంది, 45000 అంటే నలభై ఐదు సెకన్లన్నమాట. తేదీలు చూసుకుంటూ ర్యామ్ పెట్టకముందు ఎంత, పెట్టాక ఎంత అని పోల్చండి, ఇంతకంటే మంచి సాక్ష్యం ఇంకోటి దొరకదు. దాని చుట్టూ 101 ఉంటే ఏదో అప్లికేషన్, 102 ఉంటే డ్రైవర్, 103 ఉంటే సర్వీస్ ఆలస్యం చేసిందని, పేరుతో సహా రాసి ఉంటుంది. ఒక్కోసారి ముందు కూడా ఇంతే ఉండేదని తేలుతుంది. అలా తేలి, మీ విండోస్ ఇంకా పాత తిరిగే హార్డ్ డిస్క్ మీదే ఉంటే, ఎంత ర్యామ్ పెట్టినా బూట్ టైమ్ తగ్గదు, ఎస్ఎస్‌డీకి మారాల్సిందే. బూట్ అయ్యేటప్పుడు పని ఎక్కువగా డిస్క్ నుంచి చదవడమే, ర్యామ్ లాభం ఆ తర్వాత నాలుగు పెద్ద యాప్స్ ఒకేసారి తెరిచినప్పుడు తెలుస్తుంది.

ర్యామ్ మీదే అనుమానం మిగిలితే

స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ అని వెతికి రీస్టార్ట్ చేయండి, నీలం స్క్రీన్ మీద టెస్ట్ నడుస్తుంది. ఇది పైపైన చూసే టెస్టు, ఇందులో పాసైతే ర్యామ్ బాగున్నట్టు కాదు, ఫెయిలైతే మాత్రం అనుమానమే అక్కర్లేదు. గట్టిగా తేల్చుకోవాలంటే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి దాన్నుంచి బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా అది వదిలేయదగ్గ ఎర్రర్ కాదు. ముందు ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి మళ్లీ టెస్ట్ చేయండి. అప్పుడు ఎర్రర్లు పోతే స్పీడ్ ఎక్కువై వచ్చిన తంటా, పోకపోతే స్టిక్కో స్లాటో పాడైంది.

ఏదన్నది తేల్చడానికి ఒక స్టిక్కే పెట్టి ఆన్ చేయండి, తర్వాత అదే స్లాట్‌లో రెండోది పెట్టండి. స్టిక్ మార్చినప్పుడల్లా ట్రైనింగ్ మళ్లీ జరుగుతుంది కాబట్టి ప్రతి మార్పు తర్వాత మొదటి బూట్‌ని లెక్కలోకి తీసుకోకండి, రెండోదాన్నుంచి కొలవండి. ల్యాప్‌టాప్ అయితే తెరిచేముందు షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టి, ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. ఫలానా స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా ఎర్రర్లే వస్తే అది వారంటీకి పంపాల్సిందే. విడివిడిగా అన్నీ బాగానే ఉండి కలిపితేనే సతాయిస్తుంటే అది జోడీ కుదరకపోవడం, వారంటీ కిందకి రాదు, వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే తిరిగిచ్చి కిట్‌గా వచ్చేవి తీసుకోండి.